గోడ మీద నా మొహం

“ఏమే, మొహానికి చున్నీ కట్టుకోని పో. ఆ మొహం వేసుకోని షాపు ముందు నిలబడితే వచ్చే బేరాలు కూడా రావు.”

క్యారియర్లో పప్పు, గోంగూర పచ్చడి, పెరుగన్నం సర్దుతుంటే మా అత్తగారు బసవమ్మ వెనక నుంచి అన్న మాట ఇది. ఆవిడ అనడమూ కొత్త కాదు, నేను పడటమూ కొత్త కాదు. కాకపోతే ఈ మొహం నాకు పుట్టుకతో రాలేదు. ఆవిడ చేతుల మీదుగానే వచ్చింది. ఆ సంగతి మాత్రం ఆవిడ పొరపాటున కూడా తలుచుకోదు.

చున్నీ కట్టుకున్నాను. ఆవిడ చెప్పిందని కాదు, మాచర్ల ఎండకి భయపడి. రెండు నిమిషాలు ఎండ తగిలితే చాలు, నా బుగ్గలు పొయ్యి సెగకి పెట్టినట్టు మండుతాయి. చర్మం ఎంత పలచబడిందంటే కింద ఉన్న సన్నటి ఎర్ర నరాలు పైకే కనపడతాయి. ముక్కుకి రెండు పక్కలా పొక్కులు. గడ్డం మీద మీసాలొచ్చే వయసు మగపిల్లాడికున్నట్టు నూగు. మొన్న శివరాత్రికి అందరూ కోటప్పకొండ పోతూ నన్ను ఇంటికి కాపలా పెట్టారు. “చుట్టాలంతా అక్కడే తగులుతారు, ఏంది మీ కోడలి మొహం అని అడిగితే నేనేం చెప్పాల?” అంది అత్తగారు. నిజం చెప్పొచ్చుగా అనబోయి ఊరుకున్నాను. ఈరోజు ఇంటి నుంచి బస్టాండు దగ్గరున్న మా మందుల షాపు దాకా నడుస్తూ, అలా ఊరుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే నమిలాను.

మా పెళ్ళిచూపులు క్రోసూరులో మా ఇంట్లో అయ్యాయి. నాది చామనఛాయ. అప్పుడే బి.ఫార్మసీ అయిపోయి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చిన సంబరంలో ఉన్నాను. బసవమ్మ గారు కాఫీ కప్పు అందుకుని, నా మొహం కేసి కాసేపు చూసి, “రంగుదేముంది, మావాడి షాపులో క్రీములున్నాయిగా” అంది. అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది, నవ్వకపోతే సంబంధం పోతుందేమోనని. రంగు తక్కువైనా ఈ పిల్లే కావాలని వాళ్ళు ఎందుకు పట్టుబట్టారో కాపరానికి వచ్చాక గానీ నాకు తెలియలేదు.

మందుల షాపు పెట్టాలంటే ఫార్మసీ చదివిన మనిషి సర్టిఫికెట్ ఉండాలి. మా ఆయన కిరణ్ కుమార్ చదివింది బి.కాం. అందుకని గోపాలకృష్ణయ్య గారని ఒక పెద్దాయన సర్టిఫికెట్ అద్దెకి తెచ్చుకుని గోడకి తగిలించి నడుపుకుంటున్నాడు. ఆ పెద్దాయన షాపు గడప తొక్కిందే లేదు, అద్దె మాత్రం ఠంచనుగా ఇంటికి చేరేది. నేను వచ్చిన నెలలోనే ఆయన ఫ్రేము కిందికి దిగింది, నాది పైకెక్కింది. లైసెన్సు నా పేరు మీదికి మారింది. కాగితాల్లో షాపు నడిపేది నేను. కాగితాల బయట, మధ్యాహ్నం మా ఆయన అన్నం తిని కునుకు తీసి లేచేదాకా కౌంటర్లో నిలబడేది, అట్టపెట్టెలు దులిపేది, డేటు అయిపోయిన మందులు ఏరేది కూడా నేనే. గోపాలకృష్ణయ్య గారికి అద్దె ఇచ్చేవాళ్ళు. నాకు ట్యూబు ఇచ్చారు.

ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉంటుందని నాకు తెలుసు. మచ్చలకి డాక్టరు రాసిస్తే, కొన్నాళ్ళు, మచ్చ మీద మాత్రమే రాయాల్సిన మందు అది. రంగు కోసం పూసుకునేది కాదు. అదే చెప్పాను. “నీ చదువు షాపులో చూపించవే, నా దగ్గర కాదు” అని అత్తగారు గడ్డం పట్టుకుని మరీ రాసింది. “రోజూ ఎంతమందికి ఇస్తన్నా, ఒక్కళ్ళన్నా చచ్చారా?” అని మా ఆయన నవ్వాడు. కొత్త కోడలి మాటకి విలువెంతో నాకు అప్పుడే తెలిసొచ్చింది. కొన్నాళ్ళకి నిజంగానే తెల్లబడ్డాను. వీధిలో అమ్మలక్కలు నా మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయారు. మా ఆయన నన్ను సాయంత్రాలు కూడా షాపులో కూర్చోబెట్టడం అప్పుడే మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు రాగానే, “మా ఆవిడ వాడేది ఇదే, మీరే చూడండి” అని నా వైపు చెయ్యి చూపించి అమ్మేవాడు. షాపు బోర్డుకైతే కరెంటు ఖర్చన్నా ఉంది, నాకు అదీ లేదు.

ఆ మందుతో ఒక పేచీ ఉంది. రాసినంతకాలం మొహం బాగానే ఉంటుంది, ఆపితే భగ్గుమంటుంది. ఆపిన ప్రతిసారీ మొహం ఎర్రగా ఉబ్బి, దురదపెట్టి, పొక్కులొచ్చేవి. “చూశావా, రాయకపోతే ఎట్లయిందో” అని అత్తగారే మళ్ళీ రాసేది. అలా పాప పుట్టింది, పెరిగింది. ఇప్పుడు ఆ ట్యూబు రాసినా మంటే, రాయకపోయినా మంటే. మొహం ఇలా అయ్యాక మా ఆయన నన్ను కౌంటర్లో నిలబెట్టడం మానేశాడు, బేరాల్లేని వేళ అరలు దులపడం మాత్రం ఇంకా నా పనే.

పోయిన నెలలో ఎవరికీ చెప్పకుండా నరసరావుపేట వెళ్ళి ప్రభావతి గారనే చర్మం డాక్టరుకి చూపించుకున్నాను. ఆవిడ తిట్టలేదు. ఆ ట్యూబు ఇక ముట్టుకోవద్దని, ఆపాక కొన్ని నెలలు మొహం ఇలాగే గోల చేస్తుందని, ఓర్చుకోమని చెప్పింది. ఎలా ఓర్చుకోవాలో కూడా చెప్పింది. గాఢమైన సబ్బులొద్దు, మొహం రుద్దొద్దు. కడిగాక తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకో. బయటికెళ్తే సన్‌స్క్రీన్ వేసుకో. పొయ్యి సెగకి, ఎండకి దూరంగా ఉండు. నిమ్మకాయా శనగపిండీ అంటూ ప్రయోగాలు చెయ్యకు. వేళకి తిను, కంటినిండా నిద్రపో, దిగులు పెట్టుకోకు.

బస్సులో వస్తూ ఆ మాటలు తలుచుకుంటే నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. పొయ్యి సెగకి దూరంగా ఉండాలట, ఆ మాట పొయ్యికి చెప్పాలా మా ఇంట్లోవాళ్ళకి చెప్పాలా? మా డాబా మీద మిరపకాయలు ఎండుతున్నాయి. వాటిని మిట్టమధ్యాహ్నం తిరగేసి, తాలుకాయలు ఏరేది నేను. ఆ ఘాటు, ఆ దుమ్ము నా చర్మానికి ఏం చేస్తుందో ఎవరికి పట్టింది? నిద్ర సంగతి ఎత్తితే అత్తగారు “నిద్రపోతే మొహం బాగుపడుద్దా, ఎవరు చెప్పారే ఈ సోమరి వైద్యం?” అంది. షాపులో అరనిండా సన్‌స్క్రీన్లున్నాయి. వాటి దుమ్ము తుడిచేది నేనేగా, ఒకటి తీసుకున్నాను. మా ఆయన చేతిలోంచి లాక్కుని రేటు చూసి మళ్ళీ అరలో పెట్టాడు. “చానా రేటు. ఇంట్లో ఉండేదానివి, నీకెందుకు? చున్నీ కప్పుకో.” తెల్లబడే మందు ఎంత రాసుకున్నా లెక్కలేదు, చర్మాన్ని కాపాడుకునే మందుకి మాత్రం రేటు గుర్తొచ్చింది.

ఇదంతా నా మొహం గొడవ. ఇన్నాళ్ళూ మింగినట్టే ఇంకొన్నాళ్ళు మింగేదాన్నేమో.

కానీ ఈ పొద్దున మా నిఖితకి జడ వేస్తున్నాను. ఏడో తరగతి చదువుతోంది. వచ్చే నెల్లో ఓణీల ఫంక్షను. నుదుటి మీద జుట్టు పైకి తోస్తుంటే నా వేళ్ళు తగిలి, “అబ్బా, మండతందమ్మా” అని తల వెనక్కి లాక్కుంది. వెలుతురులోకి తిప్పి చూశాను. పలచటి ఎరుపు, బుగ్గ మీద తడి మెరుపు. ఆ మెరుపు నాకు తెలియనిదా?

“ఏం రాశావే?”

“నాయనమ్మ రాసింది. నీతో చెప్పొద్దంది. ఫంక్షను టయానికి ఫ్లెక్సీలోలాగా అయిపోతానంట.”

ఫ్లెక్సీ సంగతి కూడా చెప్పాలి. మా ఆయన అప్పుడే ఫ్లెక్సీలు కొట్టించేశాడు. ఆ ఫ్లెక్సీ కొట్టే కుర్రాడెవరో కంప్యూటర్లో నా కూతురి మొహానికి సున్నం కొట్టినట్టు తెలుపు పూసి, పెదాలకి గులాబీ రంగేశాడు. అది నా పిల్ల అని నాకే చెప్పాల్సొచ్చింది. మళ్ళీ కొట్టించడం దండగని, పిల్ల రంగునే ఫ్లెక్సీకి సరిపెట్టాలని తల్లీకొడుకులు తీర్మానించుకున్నారన్నమాట.

పాప మొహం చల్లనీళ్ళతో కడిగి, ట్యూబు వెతికి బయట మురిక్కాలవలో పారేశాను. అత్తగారు వరండాలో కూర్చుని చూస్తూనే ఉంది. “పారెయ్, పారెయ్. షాపు నిండా ఉన్నాయి. సాయంత్రానికి ఇంకోటొస్తది.”

మా ఆయన షాపుకి బయల్దేరుతూ చెప్పులేసుకుంటున్నాడు. “పాపకి ఆ క్రీము వద్దండీ. అసలు ఇంటికే తీసుకురావద్దు” అన్నాను.

“ఒక్క నెల్రోజులు రాస్తే ఏం కాదులే. ఫంక్షను అవంగానే ఆపేద్దాం. వచ్చినోళ్ళు ఫ్లెక్సీ ఒకసారి, పిల్లనొకసారి చూసి నవ్వరా?”

“ఆపితే ఏమవుతుందో నా మొహం చూసి చెప్పండి.”

చూడలేదు. బండి తాళం జేబులో వెతుక్కుంటూ, “షాపు నాది. ఏం అమ్మాల్నో, ఏం ఇంటికి తేవాల్నో నాకు తెలుసు. నువ్వు క్యారియర్ టయానికి పంపు, చాలు” అన్నాడు.

ఆ క్యారియరే ఇప్పుడు నా చేతిలో ఉంది.

షాపులో జుబేదా వదిన నిలబడి ఉంది. ఎదురు వరసలో బండ్లు బాగుచేసే మౌలాలీ అన్న భార్య. పక్కన వాళ్ళ అమ్మాయి ఫాయిజా. పిల్లకి నిఖా కుదిరిందని మొన్న దారిలో కనపడి చెప్పింది, అప్పుడూ నా మొహానికి చున్నీ కట్టే ఉంది. మా ఆయన కౌంటర్ మీద ట్యూబు పెట్టి అలవాటైన పాట అందుకున్నాడు. “అనుమానమే పెట్టుకోమాక జుబేదమ్మా. మా ఆవిడ పెళ్ళయిన కాడ్నించీ వాడేది ఇదే.”

అని, మెట్టు మీద నన్ను చూసి ఆగిపోయాడు. లోపలికి పొమ్మని కళ్ళతో సైగ చేశాడు.

క్యారియర్ కౌంటర్ మీద పెట్టి చున్నీ విప్పాను.

జుబేదా వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “అయ్యో, ఏంది వదినా ఇది? ఏమయింది?”

“ఈయన చెప్పింది నిజమే వదినా. ఈ ట్యూబే. పెళ్ళయిన కాడ్నించీ ఇదే. ఫాయిజా, దగ్గరికి రా తల్లీ. సరిగ్గా చూడు. మొదట్లో చానా తెల్లబడతావు. తర్వాత ఇదిగో, ఇట్లా.”

ఫాయిజా దగ్గరికి వచ్చి చూసింది. అంత దగ్గరగా నా మొహం చూసిన మనిషి ఈ మధ్య లేదు. తర్వాత ట్యూబుని రెండు వేళ్ళతో మా ఆయన వైపు నెట్టేసింది. “నాకొద్దు అమ్మీ, పోదాం పా.”

వాళ్ళు మెట్లు దిగీ దిగకముందే మా ఆయన పళ్ళు నూరాడు. “బుద్ధుందా నీకు? నా షాపులో నిలబడి నా బేరమే చెడగొడతావా?”

పైన ఉన్న మందులు దించే స్టూలు జరుపుకుని ఎక్కాను. దేవుడి పటం పక్కన నా ఫ్రేము. సర్టిఫికెట్ మూలన నా చిన్న ఫోటో. నూనె పెట్టి గట్టిగా దువ్వుకున్న తల, చామనఛాయ మొహం, ఒక్క మచ్చ లేదు. ఎంత బాగుందో ఆ పిల్ల! ఆ పిల్లని పట్టుకుని రంగుదేముంది అన్నారు వీళ్ళు. మేకు నుంచి దారం జాగ్రత్తగా తప్పించాను. అద్దం మీది దుమ్ము చున్నీతో తుడిచి, ఫ్రేముని చంకలో పెట్టుకుని దిగాను.

అప్పటికి గానీ మా ఆయనకి అర్థం కాలేదు. కౌంటర్ తలుపు ఎత్తి బయటికొచ్చాడు. ఇందాకటి గొంతు కాదు. “ఏందే ఇది, సుకన్యా? రేపో మాపో ఇనస్పెక్టర్ వస్తే ఏం చూపించాల? ఆ సర్టిఫికెట్ లేకపోతే షాపెట్లా నడుస్తది?”

చున్నీ మెడ చుట్టూ వేసుకున్నాను, మొహానికి కట్టుకోలేదు. నిఖిత ఇంటికెళ్ళి మళ్ళీ నాయనమ్మ చేతిలో పడకముందే స్కూలు దగ్గరికి చేరాలి.

“దానిదేముందండీ,” అన్నాను మెట్టు దిగుతూ, “మీ షాపులో క్రీములున్నాయిగా.”