బౌషర్‌లో హైతీ విప్లవం

మహారాజశ్రీ మనోహరంగారు సంఘపెద్దలు, పైగా ఒక నిర్మాణ కంపెనీకి మేనేజరు. కనుక ఒమాన్‌లోని బౌషర్ తెలుగు క్రైస్తవ సంఘంవారు ఏ నాటకం వేసినా అందులోని అత్యున్నత పాత్ర తానే నడిచివచ్చి వారిని వరించేది. ఈ ఏడు వరించినది ఫ్రెంచి సేనాపతి. చెరకుతోటల బానిసలు తిరగబడి, పద్దెనిమిది వందల మూడులో ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి ఓడలెక్కించి, మరుసటి ఏడు హైతీ అనే స్వతంత్ర దేశాన్ని నిలబెట్టుకున్న కథ అది. రాసినది ఆస్పత్రి నర్సు ఎవాంజలిన్.

సేనాపతి బానిసల నాయకుడికి కత్తి అప్పగించే చోట మనోహరంగారు రిహార్సలు ఆపారు.

"మా కంపెనీ కూలోడికి నేను కత్తివ్వడమేంటమ్మా? వాళ్లు మోకరిస్తారు, నేను జాలిపడి విడిచిపెడతాను. అదీ క్రైస్తవ ముగింపు!"

"జాలిపడి ఎవరూ విడిచిపెట్టలేదండీ. వాళ్లే గెలుచుకున్నారు. అది మారిస్తే అసలు నాటకమే వద్దు."

"సరే, నీ ఇష్టమే కానీ," అన్నారాయన, మరీ తియ్యగా.

బానిసల నాయకుడు నర్సయ్యది జగిత్యాల వైపు. ఆ కంపెనీలోనే తాపీపని. శుక్రవారం ఆరాధన తరవాతి బిర్యానీకి స్నేహితుడి వెంట వచ్చి, గొంతు బాగున్న పాపానికి నాటకంలో ఇరుక్కున్నాడు.

"అన్నా, కత్తి తీసుకోగలవా?" అని అడిగింది ఎవాంజలిన్.

"సారుకు కోపమొస్తది సిస్టర్. గని స్టేజి మీద ఆయన సారెట్లయితడు? గుంజుకుంట."

ప్రదర్శననాడు ఆ ఘట్టం రానే వచ్చింది. నర్సయ్య చెయ్యి చాచాడు. సేనాపతిగారు కత్తిని గుండెకు హత్తుకొని, కన్నులు పైకెత్తి, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు.

తెలుగు సంఘంలో ఆ మాటకున్న శక్తి ఫిరంగులకు లేదు. తలలు వంగాయి. చెంగులు తలలమీదికి ఎక్కాయి. విజేతలైన బానిసలు సైతం అలవాటు చొప్పున మోకాళ్లూనారు; నర్సయ్య ఒక్కడే ఏం చేయాలో తోచక నిలుచుండిపోయాడు. ప్రార్థనకు అడ్డు తగిలే ప్రాణి ఆ సంఘంలో ఇంకా పుట్టలేదు.

"దయగల దేవా, ఈ దీనులను నాచేత విడిపిస్తున్నావు గనుక..."

ఎవాంజలిన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండు శతాబ్దాల కిందట ప్రాణాలిచ్చి గెలిచినవాళ్లను ఈయన మళ్లీ మోకాళ్లమీద కూలేశాడు, అదీ దేవుణ్ణి అడ్డం పెట్టుకుని! ఆయన ఊపిరి పీల్చుకున్న సందులో ఆమె తెర వెనకనుంచి మైకు అందుకుంది.

"యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ!"

"ఆమెన్!" అంది హాలంతా ఏకకంఠంతో. ప్రార్థన ముగిసిపోయింది. అందరి కళ్లూ తెరుచుకునేసరికి, అసలు కళ్లే మూయని నర్సయ్య కత్తి గుంజుకుని ఉన్నాడు.

"రేపు సైట్‌కెలా వస్తావో చూస్తాను," పళ్లు కొరికారు సేనాపతి.

ఎవాంజలిన్ వేదికెక్కి ఆయన నోటి దగ్గర మైకు పెట్టింది. "ఆ మాట ఇందులో అనండి, అంకుల్. అందరూ వింటారు."

మనోహరంగారు మైకును చూశారు. సభను చూశారు. నర్సయ్య కత్తి మొనతో, రంగులేసిన అట్ట ఓడను చూపించాడు.

"ఓడ గటు, సారూ."

ఫ్రెంచి సామ్రాజ్యం వెళ్లి ఓడెక్కింది.