పసుపు లేని కుంకుమ

పాస్‌పోర్టు తెరవగానే, రెండేళ్ళు నిండని కూతురి మొహం నెత్తుటి ముద్దలా కనిపించి భావన కెవ్వుమంది.

అసలు సిరి ఎదురుగా హైచైర్‌లో కూర్చుని అరటిపండు గుజ్జును జుట్టుకు పట్టిస్తోంది. తల్లి కేక విని "మమ్మీ, అగైన్!" అంటూ చప్పట్లు కొట్టింది.

నెత్తురు కాదు. కుంకుమ. నీళ్ళలో కలిపి, బొటనవేలంత వెడల్పున, ఫోటోలో నుదుటి నుంచి గెడ్డం దాకా ఎవరో రుద్దేశారు. ఆ తడి పేరు మీదుగా జారి, అడుగునున్న నంబరు వరసల్లోకి దిగింది. పేజీ ఉబ్బి, వేయించిన అప్పడంలా వంకరపోయింది.

2019 మే నెల. బుధవారం. పొద్దున పది గంటలు. మర్నాడు పదిన్నరకు సెంట్రల్ లండన్‌లో ఆస్ట్రియా వీసా అపాయింట్‌మెంట్. జూన్ పన్నెండున విమానం. వియన్నాలో మూడు రోజులు, ఇన్స్‌బ్రుక్ కొండల్లో నాలుగు.

ఆ ఏడు రోజుల కోసం భావన ఏడు నెలలు కష్టపడింది. పద్నాలుగు పేజీల ప్లాన్ రాసుకుంది. సిరిని కూర్చోబెట్టి తోసే బగ్గీ మడవకుండా ఎక్కగలిగిన ట్రామ్ ఏదో, రాళ్ళు పరిచిన ఏ వీధిలో దాని చక్రాలు ఇరుక్కుంటాయో ఆమెకు తెలుసు. సిరి మధ్యాహ్నం పన్నెండున్నరకు పడుకుంటుంది కాబట్టి రైలు కూడా పన్నెండున్నరదే. పప్పన్నం వండుకోవడానికి పొయ్యి ఉన్న అపార్ట్‌మెంటు, దానికి రెండు సందుల అవతల పెరుగు దొరికే షాపు, కొండెక్కేటప్పుడు చంటిపిల్లలకు చెవులు నొప్పెట్టకుండా నెమ్మదిగా వెళ్ళే కేబుల్ కారు... వియన్నాలో పుట్టి పెరిగినవాడికి కూడా అన్ని వివరాలు తెలియవు.

మొదటి ఏడాదంతా సిరి తాగిన పాలు తాగినట్టే కక్కేది. భావన భుజాలు, సోఫా, కార్పెట్, అన్నీ పుల్లటి పాలకంపే. పేటలోని డాక్టరు క్లినిక్‌కీ, లండన్ శివారు హారోలో రెండో అంతస్తులోని ఈ ఫ్లాటుకీ మధ్య ఆమె ప్రపంచం కుదించుకుపోయింది. ఉద్యోగం పోయింది. ఇప్పుడు జూలై ఒకటిన కొత్త ఉద్యోగంలో చేరాలి. చేరాక వారం రోజుల సెలవు అడగడానికి నోరు రాదు. ఒక్కసారి మంచుకొండ ఎదురుగా నిలబడి, పాలకంపు లేని గాలి పీల్చుకోవాలని ఆమె కోరిక. అంతే.

ఇప్పుడు ఆ కోరిక మీద ఎవరో కుంకుమ పులిమారు.

ఎవరో ఏమిటి? ఈ ఇంట్లో కుంకుమ డబ్బా ముట్టుకునేది ఒక్కరే.

నాగేశ్వరి భావన భర్త శశాంక్‌కి పెద్దమ్మ. ఆవిడ కొడుకు రిషి న్యూకాసిల్‌లో డాక్టరు. "మనవరాల్ని చూసి రెండు రోజుల్లో వచ్చేస్తా" అని అక్కణ్ణుంచి బయల్దేరి వచ్చిన ఆవిడ మూడు వారాలుగా ఇక్కడే ఉంది. బాత్రూం అద్దం నిండా ఆవిడ వాడి అంటించిన స్టిక్కర్ బొట్లు. స్నానాల తొట్టిలో ఆవిడ కత్తిరించుకున్న కాలిగోళ్ళు. మొన్న ఆదివారం సిరి నీళ్ళు తాగే సిప్పీ కప్పు మూత తీస్తే, లోపల ఆవిడ కట్టుడుపళ్ళు నానుతున్నాయి. ఆ రోజు భావన అన్నం తినలేకపోయింది. ఈవిడే, వచ్చిన మర్నాడు బాయిలర్‌కి బొట్టు పెట్టింది. ఫ్రిజ్‌కి పెట్టింది. బగ్గీ హ్యాండిల్‌కి కూడా పెట్టింది.

నిన్న మంగళవారం పూజలో, "వీసాకి వెళ్ళేముందు దేవుడి దగ్గర పెట్టాలమ్మా" అని మూడు పాస్‌పోర్టులూ తీసుకుంది కూడా. సోమవారం లైబ్రరీలో జెరాక్స్ తీసినప్పుడు సిరి పేజీ అద్దంలా ఉంది.

లెక్క తేలిపోయింది.

"అత్తయ్యా!"

నాగేశ్వరి తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుంటూ వచ్చింది. భావన పేజీ తెరిచి ఆవిడ మొహానికి అడుగు దూరంలో పట్టుకుంది.

"ఏమిటిది?"

"అయ్యో రామా! పిల్ల మొహాన ఎవరే ఈ పని చేసింది?"

"మీరే చెప్పాలి. నిన్న మీ దగ్గరే కదా ఉన్నాయి. బాయిలర్ అయింది, ఫ్రిజ్ అయింది, ఇంక పాస్‌పోర్టు మిగిలిందా? దీన్ని ఎవరు ముట్టుకుంటారు రేపు? ఏడు నెలల పని అత్తయ్యా, ఏడు నెలలు!" నాలుక చివరిదాకా వచ్చిన కట్టుడుపళ్ళ సంగతిని మాత్రం భావన మింగేసింది.

నాగేశ్వరి ఏడవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అత్తగారి చేత తిట్లు తిన్నాను. మొగుడి చేత తిన్నాను. కోడలి వరసదాని చేత కూడా తిన్నాను. ఇంక నా విస్తరి ఎత్తేయొచ్చు" అంది. "నేను చెయ్యలేదు."

"మరి సిరి చేసిందా?"

ఆవిడ పాస్‌పోర్టు అందుకుని కళ్ళజోడు వెతుక్కోసాగింది. భావన ఫోన్ తీసుకుని బెడ్‌రూంలోకి వెళ్ళింది.

వీసా ఆఫీసు వాళ్ళు ఫోన్లో పదిహేను నిమిషాలు సంగీతం వినిపించి, ఆ తర్వాత ఒక కుర్రాడు మర్యాదగా చెప్పాడు. పేజీ పాడైన పాస్‌పోర్టు తీసుకోరు. కొత్తది తెచ్చుకోవాలి. మళ్ళీ అపాయింట్‌మెంట్ జూన్ ఆఖరికి. కొత్త పాస్‌పోర్టుకి ఎన్ని వారాలు పడుతుందో ఆమె వేరే చూడక్కర్లేదు. పిల్ల పుట్టినప్పుడు చూసింది.

తర్వాత శశాంక్‌కి చేసింది. అతను మెట్రోపాలిటన్ లైన్ రైలెక్కి ఎనిమిదింటికే ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

"సిరి పాస్‌పోర్టు పాడైపోయింది శశాంక్. ఎవరో కుంకుమ పూశారు."

"అయ్యయ్యో. పెద్దమ్మే అయ్యుంటుంది." ఒక్క క్షణం కూడా ఆగలేదు. "పోనీలే భావనా. పెద్దావిడ. ఏమీ అనకు, బాధపడుతుంది. ఇప్పుడేమైంది, వచ్చే ఏడాది వెళ్దాం. కొండలు ఎక్కడికీ పోవుగా."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాటలు చెవిలో గులిమిలా ఉండిపోయాయి. హోటల్ నుంచి తెచ్చిన టేకవేలో కారం ఎక్కువైందని వారం రోజులు గొణిగే మనిషి శశాంక్. ఎవర్నీ ఇంత తొందరగా క్షమించడు.

భావన చేసిన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పు ఎక్కడుందో వెతకడమే పని. తేలిగ్గా దొరికిన తప్పును నమ్మకూడదని ఆమెకు నేర్పించి మరీ జీతమిచ్చారు.

వంటింట్లోకి వచ్చేసరికి నాగేశ్వరి సిరి జుట్టులో అరటిపండు కడిగి, పాస్‌పోర్టును కిటికీ దగ్గర పెట్టుకుని కళ్ళజోడుతో చూస్తోంది.

"ఇలా రా అమ్మాయ్. కోపం తర్వాత పడుదువుగాని. ఇందులో పసుపేదీ?"

"పసుపా?"

"పసుపు లేకుండా ఉత్త కుంకుమ ఏ ఆడది పెడుతుందే? ముందు పసుపు, దాని మీద కుంకుమ. నీ బాయిలర్‌కి చూడు. ఫ్రిజ్‌కి చూడు."

భావన చూసింది. బాయిలర్ మీద పసుపు చుక్క, దాని నడుమ ఎర్రచుక్క. ఫ్రిజ్ మీద కూడా అంతే. మూడు వారాలుగా వాటిని చూసి మొహం తిప్పుకుందే గానీ, ఒక్కసారీ సరిగ్గా చూడలేదు.

"పైగా పెడితే అట్ట మీద పెడతాం. లోపల పిల్ల మొహాన పెడతామా? పెడితే ఉంగరం వేలితో. ఇది బొటనవేలు, మొగవాళ్ళు వేలిముద్ర వేసినట్టు. మూడింటికీ పెట్టాలి కదా, నీదీ వాడిదీ శుభ్రంగా ఉన్నాయే?" ఆవిడ దేవుడి అరలోంచి తన డబ్బా తెచ్చి మూత తీసింది. "ఇది నేను ఇంట్లో చేసుకున్న కుంకుమ. పొడిపొడిగా, ముదురు రంగు. ఇదేమో గులాబీ ఎరుపు. చేతికి అంటితే మూడు రోజులు వదలదు. ఇలాంటిది నేను గుమ్మం లోపలికి రానివ్వను."

భావన డబ్బాకేసి చూసి, పాస్‌పోర్టుకేసి చూసింది. గులాబీ ఎరుపు కుంకుమను ఆమె చూసింది. ఉగాదికి గుడికెళ్తే పూజారి పొట్లం కట్టి ఇచ్చాడు. శశాంక్ దాన్ని కారు డాష్‌బోర్డు అరలో పడేశాడు. ఆ కారు ఆమె నడపదు. ఇంకా లైసెన్స్ రాలేదు.

"పాపని చూస్తుండండి అత్తయ్యా."

తాళంచెవి గోడ మీద మేకుకి ఉంది. శశాంక్ చెవులు గోక్కునే తాళంచెవి. కొసన పసుపుపచ్చగా గులిమి. రెండు వేళ్ళతో పట్టుకుని మెట్లు దిగింది.

డాష్‌బోర్డు అరలో పొట్లం విప్పి ఉంది. కుంకుమ సగానికి సగం లేదు. పక్కనే తడిసి ఎండిన టిష్యూ, గులాబీ రంగుది. టిష్యూ కింద నాలుగు మడతలు పెట్టిన ప్రింట్ కాగితం.

విప్పింది.

ప్రపంచ కప్ క్రికెట్. ఇండియా, పాకిస్తాన్. మాంచెస్టర్, ఓల్డ్ ట్రాఫర్డ్. ఆదివారం, జూన్ పదహారు. ఒక సీటు. ఒక్కటే.

జూన్ పదహారంటే వాళ్ళు వియన్నా నుంచి కొండల్లోకి చేరిన మర్నాడు. ప్లాన్‌లో తొమ్మిదో పేజీ. ఆ రోజే కేబుల్ కారు.

ఆమెకు కోపం రాలేదు. అసహ్యం వేసింది. మొదటి ఏడాది సిరి కక్కిన పాలన్నీ ఎత్తిపోసిన మనిషి తను. కట్టుడుపళ్ళు చూసి రోతపడిన మనిషి. అవన్నీ ఇప్పుడు ఎంత శుభ్రమైనవి! పళ్ళు ఊడితే మనుషులు నానబెట్టుకుంటారు. గోళ్ళు పెరిగితే కత్తిరించుకుంటారు. శశాంక్ రాత్రి పెద్దమ్మ వడ్డించిన గోంగూర పప్పు రెండోసారి వేయించుకుని తిని, కూతురిని భుజాన వేసుకుని పాట పాడి, ఆ రెండు చేతులతోనే... ఛీ.

మెట్లెక్కుతుంటే మెట్టు మెట్టుకీ తన మాటలే తనకు వినిపించాయి. "మరి సిరి చేసిందా?" అని అడిగింది కదూ, పెద్దావిడని.

పైకొచ్చి పొట్లాన్నీ కాగితాన్నీ బల్ల మీద పెట్టింది. నాగేశ్వరికి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. చదివి కాగితాన్ని బోర్లించి పెట్టింది.

"నన్ను క్షమించండి అత్తయ్యా."

"నువ్వు కుంకుమ చూసి నన్ను అనుకున్నావు. అది తప్పు కాదు. వాడు నా కుంకుమ చూసి నన్ను వాడుకున్నాడు." ఆవిడ తన కుంకుమ డబ్బా మూత బిగించింది. "వాడికి టైఫాయిడ్ వస్తే నలభై రోజులు ఒళ్ళో పెట్టుకున్నాను. పోనీ, ఇప్పుడు నీ ప్రయాణం మాటేమిటి?"

భావన ల్యాప్‌టాప్ తెరిచింది. ఏడుపు రానివ్వకుండా ఉండాలంటే ఆమెకు తెలిసిన మందు అదొక్కటే. సిరికి భోజనం, నిద్ర, పార్కు అన్నీ అయ్యేసరికి పదిహేనో పేజీ పుట్టింది.

సాయంత్రం ఆరున్నరకు శశాంక్ వచ్చాడు. చేతిలో కేకు డబ్బా.

"పాపం, మీ మూడ్ బాలేదని తెచ్చాను. పెద్దమ్మా, నువ్వేం బాధపడకు. జరిగిందేదో జరిగింది. భావన ఏమన్నా అందా?"

"అంది. కడుపు నిండా అంది" అంది నాగేశ్వరి.

"నేను వద్దన్నాగా భావనా! పెద్దావిడతో..."

భావన టికెట్ కాగితాన్ని కేకు డబ్బా మీద పెట్టింది. దాని మీద కుంకుమ పొట్లం. పొట్లం మీద పాస్‌పోర్టు.

"నీ కుడిచేతి బొటనవేలు చూపించు."

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గోరు అంచున గులాబీ గీత ఇంకా పోలేదు.

సిరి హైచైర్‌లోంచి "డాడీ, రెడ్!" అంది సంతోషంగా.

"విను," అంది భావన. గొంతు పెంచలేదు. "జూన్ పన్నెండున మేం వెళ్తున్నాం. నేనూ, సిరీ, అత్తయ్యా. ఈ దేశంలోనే, ఎడిన్‌బరోలో మూడు రోజులు, ఫోర్ట్ విలియమ్ కొండల దగ్గర నాలుగు. ఆల్ప్స్ కాదు, నాకు తెలుసు. కానీ అక్కడా బగ్గీ పట్టే కేబుల్ కారుంది, పాస్‌పోర్టు అడిగేవాడు లేడు. రైలు కూడా పన్నెండున్నరదే దొరికింది. నువ్వు మ్యాచ్‌కి వెళ్ళు. హాయిగా అరుచుకో. తిరిగొచ్చాక ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిస్తాను. నీ పక్కన కూర్చోవాలంటేనే నాకు వెగటుగా ఉంది. ఇప్పుడు మాత్రం ఒక్క పని చెయ్యి. ఆవిడ మొహం చూసి, ఏం చేశావో నీ నోటితో చెప్పు. మొత్తం."

శశాంక్ కేకు డబ్బా వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. చివరికి నాగేశ్వరి కాళ్ళ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"ఏప్రిల్లో ఆఫీసు ఫ్రెండ్ ఒకడు సీటు ఉందన్నాడు పెద్దమ్మా. జన్మకో మ్యాచ్. కాదనలేకపోయాను. భావనకి చెబుదామని రోజూ అనుకున్నాను. రోజూ ఆ పేజీలు చూపించేది, ఇక్కడ ట్రామ్ ఎక్కుతాం, ఇక్కడ పాప నిద్రపోతుంది అని. నేను సరే సరే అనేవాణ్ణి. వీసా రాకపోతే ఎవరి తప్పూ ఉండదు కదా అనుకున్నాను. నిన్న నువ్వు పాస్‌పోర్టులు దేవుడి దగ్గర పెట్టావు చూడు, అప్పుడు తట్టింది. నువ్వైతే ఎవరూ ఏమీ అనరు, పెద్దదానివి, భక్తితో చేశావనుకుంటారు అని. ఇవాళ పొద్దున మీరింకా లేవకముందే పాప పాస్‌పోర్టు కారు దగ్గరికి తీసుకెళ్ళాను. మంచినీళ్ళ సీసా మూతలో కలిపాను. ఉత్త నంబరు మీద మాత్రమే పూద్దామనుకున్నా, ఒట్టు. కానీ తెరవగానే ఫోటోలో పాప నా వంకే చూస్తున్నట్టుంది. అలా చూస్తుంటే చెయ్యి ఆడలేదు. అందుకని కళ్ళు మూసుకుని రుద్దేశాను."