నిన్న పుట్టిన ముప్ఫైలు

ఉదయం ఆరున్నరకు హేచరీలో గుడ్ల ట్రేలు తిరగడం లేదని తెలిసింది. ఎప్పుడు ఆగాయో తెలియదు. గంటకోసారి అవి అటూ ఇటూ వాలాలి. వాలకపోతే పిండం పెంకుకు అంటుకుని చచ్చిపోతుంది.

గుడ్లు పొదిగే ఆ యంత్రానికి ప్రోగ్రాం రాసింది యజమాని మరదలు, అతని భార్యకు చెల్లెలు. ఏడింటికల్లా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. బావ కూర్చోలేదు.

“నిన్న సాయంత్రం ఏం మార్చావే?” అక్క అడిగింది.

“ఫ్యాను నలభై ఐదు సెకన్లు ఎక్కువ, ముప్ఫై చెయ్యమన్నాడు బావ. చేశాను.”

“ఫ్యాను అన్నాను తల్లీ. ట్రేల జోలికెళ్లమన్నానా?”

నలభై ఐదు ఉన్న చోటల్లా ఆమె ఒక్క దెబ్బతో ముప్ఫై పెట్టేసింది. ట్రే వాలాల్సిన డిగ్రీలు కూడా నలభై ఐదే. ముప్ఫై దగ్గర ఆగిన ట్రే వాలు చివరనున్న స్విచ్చికి తగల్లేదు. అది తగిలితేనే మోటారు వెనక్కి తిరుగుతుంది.

“మళ్లీ నలభై ఐదు చేసెయ్. దానికింతసేపా?”

“ముందునుంచీ ఉన్న ముప్ఫైలు కూడా ఉన్నాయి బావా. నిన్న పుట్టినవేవో తెలీడంలేదు. పాత కాపీ మా ఆఫీసులో ఉంది, తొమ్మిదిన్నర దాకా తెరవరు.”

“ఇంటినిండా పిల్లల్ని పెట్టుకుని అందర్నీ ‘ఒరేయ్’ అంటే ఎవడు పలుకుతాడే?” అంది అక్క.

బావ యంత్రం తలుపు మీద చెయ్యి వేశాడు. “చేత్తో తిప్పేస్తాను.”

“తీశారంటే వేడంతా పోతుంది. కాలు నిలవకపోతే వెళ్లి తీగలు చూసి చెప్పండి,” అంది అక్క.

అతను ప్యానెల్ దగ్గర కూర్చుని ఏ నంబరు తీగ ఎక్కడికి వెళ్తోందో చదివాడు. ప్రోగ్రాంలో ఉన్నవీ ఆ నంబర్లే; వాటిని బట్టి మరదలు ఒక్కో ముప్ఫైకి ఒక్కో పేరు పెడుతూ వచ్చింది. ఫ్యాను సెకన్లు. హీటరు సెకన్లు. చివరికి ట్రే మోటారువి రెండు మిగిలాయి. ఒకటి వాలు, ఒకటి వేగం; ఏది ఏదో తీగల వల్ల తెలీదు. వేగం పెరిగితే గుడ్లు పగులుతాయి.

పక్క షెడ్డులో అలాంటిదే ఖాళీ యంత్రం ఉంది. మొదటి ముప్ఫైని నలభై ఐదు చేసి అందులో నడిపారు. ట్రేలు దడదడలాడాయి.

“అది వేగం,” అన్నాడు బావ. “ముందు దానికి పేరు పెట్టు.”

పెట్టి, దాన్ని తిరిగి ముప్ఫై చేసింది. రెండోదానికి ‘ట్రే వాలు’ అని పేరిచ్చి, నలభై ఐదు రాసి, ప్రోగ్రాంను గుడ్లున్న యంత్రంలోకి ఎక్కించింది. ట్రేలు వాలాయి. స్విచ్చి టక్కుమంది.

అక్క తలుపు ఓరగా తీసి మధ్య ట్రేలోంచి ఒక గుడ్డు తీసింది. బావ దాని వెనక దీపం పట్టాడు. లోపల నల్లటి చుక్కలా ఉన్న పిండం కదిలింది.

అక్క రెండో గుడ్డు తీసింది. అందులో చుక్క కదల్లేదు.