పేరు చెప్పని మనిషి

"నోరు విప్పండి నాన్నా, మీకు దణ్ణం పెడతాను," అని అలివేలుమంగ ఎంత బతిమాలినా, నరసింహులుగారు పోలీస్ స్టేషన్ కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నారు.

ఇంతకీ ఆయన చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, రైలుకి చెయ్యూపడం! తునిలో స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. ఏ బండి వెళ్తున్నా నిలబడి, ఆఖరి పెట్టె దాటాక సరేనని చెయ్యూపందే ఆ ప్రాణానికి తోచదు. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో కూతురింటికి వచ్చినా ఆ జబ్బు వదల్లేదు. పొద్దున యుద్ధట్యాంకులతో గూడ్సు వెళ్తుంటే, పెట్టెలు లెక్కపెడుతూ వీడియో తీసి ఎవరికో పంపారు. దగ్గర్లోనే యుద్ధం జరుగుతుంటే చేసే పనేనా ఇది? ఎవరో ఫోన్ చేశారు, పోలీసులు దిగారు. వాళ్ళని చూడగానే ఈ మహానుభావుడు ఫోన్లో చాట్ అంతా తుడిచేశారు.

"ఎవరికి పంపారని మళ్ళీ అడుగుతున్నారు నాన్నా."

"పోలీసులకి పేరు చెప్పకూడదమ్మా. మా తాత ఓడలో బొగ్గేసేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో హాంబర్గ్‌లో చిక్కుకుని ఎలాగో ఇల్లు చేరితే, జర్మన్ల మనిషివంటూ తెల్లదొరల పోలీసులు కాకినాడంతా వెంటపడ్డారు. పట్టుకుని, ఎవరింట్లో దాక్కుని తింటున్నావని కొడితే, తాళలేక స్నేహితుడి పేరు చెప్పాడు. ఆ స్నేహితుడు జైల్లోనే పోయాడు. తాత మళ్ళీ ఆ వీధిలో అడుగు పెట్టలేదు."

"ఇప్పుడు దొరలెక్కడున్నారు నాన్నా! నా బ్లూకార్డు, అదే ఈ ఉద్యోగపు వీసా, పోతే పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోను? తునిలో మీ స్నేహితుడు భాస్కరరావు అంకుల్‌కే కదా పంపారు?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. అలివేలుకి ఆ జవాబు చాలు. గడగడా జర్మన్‌లో చెప్పేసింది. ఎంత పరువైన కుటుంబమో తెలియాలని, "వాళ్ళబ్బాయి సృజన్ ఇక్కడే, వోల్ఫ్స్‌బర్గ్‌లో ఇంజినీరు," అని కూడా చేర్చింది. మనవాళ్ళ మంచితనం చెప్పాలంటే ముందు పిల్లల ఉద్యోగాలే కదా చెప్తాం! పోలీసు అధికారిణి ఆ పేరు కూడా రాసుకుని, మధ్యాహ్నానికి ఇద్దర్నీ పంపించేసింది.

సాయంత్రం కాఫీ కలుపుతుంటే ఫోన్ మోగింది. సృజన్!

"అక్కా, పోలీసులు ఆఫీసుకొచ్చి అందరి ముందూ నా ఫోనూ, లాప్‌టాపూ పట్టుకుపోయారు. ఇది మా ఆవిడ శ్రావ్య ఫోను. తనకిప్పుడు ఎనిమిదో నెల, ఒకటే ఏడుపు. నాన్నకొచ్చిన వీడియోకీ నాకూ ఏం సంబంధమని అడుగుతున్నారు. అసలు నా పేరు ఎవరు చెప్పారక్కా?"

అయ్యో భగవంతుడా, ఏమని చెప్పను అనుకుంటూ అలివేలు తండ్రి వైపు చూసింది.

ఫోన్లో మాటలన్నీ వింటున్న నరసింహులుగారు లేచొచ్చి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"నేనే చెప్పాను నాయనా," అన్నారు. "భయపడి చెప్పేశాను. మీ నాన్నతో కూడా అదే చెప్పు."