శనాషీల్‌కు అడ్డం నిలబడ్డవాడు

ఇరాక్‌లోని బస్రాలో కరెంటు ఉంటే వింత, పోతే మామూలు. అందుకే రబాబ్ తన మేనత్త ఫఖ్రియా ఇంటి ముందరి శనాషీల్‌ని, అంటే పాత చెక్క జాలీని, విప్పించి అదే అల్లిక పోలికలో సోలార్ ప్యానెళ్లు బిగించింది. ఇంటి ముందున్న కాలవ అవతలి నుంచి చూస్తే తేడా తెలియదు. ఆర్కిటెక్టుగా మంచి పేరొచ్చింది. ఒక్క సంగతే మరిచింది మహాతల్లి. శనాషీల్ ఉన్నది వీధికి సింగారంగా కాదు, లోపలి ఆడవాళ్లు వీధిని చూడడానికి. ఈ కొత్త జాలీకి కన్నాలే లేవు.

యుద్ధానికెళ్లి మాయమైన కొడుకు సాదూన్ కోసం ఫఖ్రియా నలభై ఏళ్లుగా ఆ జాలీ వెనకే కూర్చుంది. శవం రాలేదు, కబురూ రాలేదు. పోయినవాళ్లకు చేసే ఫాతిహా చేద్దామని ఎవరైనా అంటే కయ్యిమని లేచేది.

ప్యానెళ్లు బిగించాక ఒక పీడ పట్టుకుంది. రోజూ మధ్యాహ్నం తిరిగాక, అసర్ నమాజు వేళకు, ఫఖ్రియా కూర్చునే చోటున్న ప్యానెల్ ఒక్కటే కరెంటివ్వడం మానేసేది, ఎవరో అడ్డం నిలబడినట్టు. రబాబ్ దాన్ని మార్చింది, తీగలూ మార్చింది. కొత్తదీ అంతే. బయట ఎండ మండిపోతోంది. అది పై అంతస్తు, పిచ్చుక వాలడానికీ చోటు లేదు. వెనక చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. రబాబ్ చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వాడేనే," అంది ఫఖ్రియా. "వచ్చి బయట నిలబడ్డాడు."

"చాదస్తం అత్తా! తీగల్లో ఏదో లోపం."

"కళ్లు కాయలు కాసేలా చూశాను. తీరా వాడొచ్చే వేళకి నా కళ్లకు గంతలు కట్టావు. పెద్ద చదువులే చదివావు! విప్పు ముందు."

ఆ ఒక్కటి విప్పితే వరుసంతా ఆగిపోతుంది, ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోతాయి. అయినా రబాబ్ విప్పింది. అత్త మాట కాదనలేక కాదు, భయం పట్టలేక.

ప్యానెల్ ఊడి రాగానే ఎండ లోపలికి దూకింది. రబాబ్‌కు కాలవా ఖాళీ వీధీ తప్ప మరేమీ కనిపించలేదు. ఫఖ్రియా మాత్రం చట్రం పట్టుకుని ముందుకు వంగింది. ముఖం వెలిగిపోయింది. తర్వాత మెల్లగా ఆ వెలుగు పోయింది.

"ఎవరైనా ఉన్నారా అత్తా?"

"ఉన్నాడే. వెళ్లిన రోజు ఎలా ఉన్నాడో అలాగే. మీసమైనా సరిగ్గా రాలేదు." ఆమె చట్రం వదిలేసింది. "బతికుంటే ఈపాటికి జుట్టు నెరిసేది కదే పిల్లా."

రబాబ్ ఏడుస్తూ ఆమెను పట్టుకుంది.

"మన వాళ్లందరికీ కబురు పెట్టు," అంది ఫఖ్రియా. "రేపు ఫాతిహా చేద్దాం."