మిషన్ పెద్దకడుబూరుది, చట్టం న్యూయార్కుది

శెనక్కాయలు వలిచే మిషన్ ఒకటి భీమప్పతో కలిసి కొనాలని గిడ్డయ్య అనుకున్నప్పుడు ఇద్దరి మధ్య కాగితం ఊసే లేదు. పెద్దకడుబూరులో వాళ్ల చేలు పక్కపక్కనే, బీడీలు ఒకే కట్టలోవి. కానీ గిడ్డయ్య కొడుకు ఈరేష్‌కు చదువు కొంచెం ఎక్కువైంది. మాట మీద వ్యాపారమేమిటని నాయనను కోప్పడి, ఇంటర్నెట్‌లో ఎవరిదో ఇంగ్లీషు ఒప్పందం పట్టుకుని, ఫోన్ చేత తెలుగు చేయించి పంపాడు. మిత్రులిద్దరూ దాన్ని తెచ్చి ఆదోని కోర్టు ఎదురుగా దస్తావేజులు రాసే శ్రీపాదరావు చేతిలో పెట్టారు.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివాడు.

"ఇందులో 'స్మృతి' అనగా న్యూయార్క్ రాష్ట్రమున అమలులో ఉన్నదియు, ఎప్పటికప్పుడు సవరించబడునదియు అగు ఏకరూప వాణిజ్య స్మృతి. తగాదా వచ్చినచో ఆ స్మృతి ప్రకారము న్యూయార్క్ కోర్టులలోనే తేల్చుకొనవలెను."

భీమప్ప మొదట అర్థం కాక నవ్వాడు. కాసేపటికి ఆ అర్థం కాకపోవడమే అనుమానమైంది. ఆ ఊరి చట్టంలో లాభం లేకపోతే ఎందుకు రాయించావు, అక్కడ నీకు చుట్టాలెవరైనా ఉన్నారా అని గిడ్డయ్యను నిలదీశాడు. జిల్లాలోని తుగ్గలి దాటి ఎరగని గిడ్డయ్యకు న్యూయార్కులో చుట్టాలట! ఏనాడూ పల్లెత్తు మాట అనుకోనివాళ్లు, తగాదా వస్తే ఏం చేయాలన్న దగ్గరే తగాదా పడ్డారు. ఆలు లేదు చూలు లేదు, మిషన్ ఇంకా షాపులోనే ఉంది.

శ్రీపాదరావు ఎర్ర పెన్ను తీశాడు. ఒప్పందాలకూ సరుకుల అమ్మకానికీ మన దేశంలో మన చట్టాలున్నాయని, న్యూయార్కు కొట్టేసి ఆదోని కోర్టు అని రాస్తే ఇద్దరికీ బస్సు దూరమేనని సెలవిచ్చాడు. భీమప్ప వెంటనే తలూపాడు.

ఆదోని కోర్టు అనేసరికి గిడ్డయ్య ఆ పెన్నుకు చెయ్యి అడ్డం పెట్టాడు. గట్టు తగాదాలో అన్న లక్ష్మప్పతో ఏళ్ల తరబడి తిరిగింది ఈ కోర్టుకే. ఇద్దరూ ఒకే బస్సెక్కేవాళ్లు, ఒకరు ముందు, ఒకరు వెనక. కేసు గెలిచాడు, గట్టు దక్కింది. కూతురు హేమ పెళ్లికి మాత్రం అన్న రాలేదు. ఆ గట్టు మీద నడిచినప్పుడల్లా గిడ్డయ్యకు ఏడుపొస్తుంది.

"కొట్టెయ్యొద్దు సామీ," అన్నాడు. "ఈ కోర్టు మాకు శానా దగ్గర. పొద్దున కోపమొస్తే మద్దేన్నానికి వచ్చేస్తాం. అదే నూయార్కయితే, ఆడికి పొయ్యే దావ ఎట్లని అడిగేలోగా కోపం పోతాది. అన్నను పోగొట్టుకున్నా. ఈయప్పను పోగొట్టుకోలేను."

చెల్లని కాగితం తాను రాయలేనని శ్రీపాదరావు చట్టం చెప్పబోయాడు. భీమప్ప వినలేదు. గిడ్డయ్య ముఖం వైపే కాసేపు చూసి, ఆ ఎర్ర పెన్నే లాక్కుని ముందు తనే సంతకం పెట్టేశాడు.

"అయినా పోవల్సొస్తే నాకు సెప్పు," అన్నాడు. "ఇద్దరం కలిసే పోదాం. నువ్వొక్కనివే పోతే ఆ ఊళ్లో యాడ తప్పిపోతావో."