కొమ్ములు రాకుండా

మా బుల్లికి నాలుగేళ్లు. పుట్టినప్పుడు బాగానే వినేది. కిందటేడు ఎడమ చెవి పోయింది. చీము పట్టిందని ఎవరో చుక్కల మందిచ్చారు, గుణం లేదు. మిగిలిన కుడి చెవితోనే కుక్కర్ కూస్తే తనూ కూసేది, గుణుపురం సంతలో విన్న ఒడియా బేరాలు ఇంటికొచ్చి అప్పజెప్పేది. ఆ ఒక్క చెవీ నిలిస్తే చాలని నేను మొక్కని దేవుడు లేడు.

పోయిన నెల మా అత్త తవిటమ్మ, బుల్లి కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. కిందపడ్డ కాయ కోసం ఇద్దరూ ఒకేసారి వంగారు. తలలు ఢీకొన్నాయి. చిన్న దెబ్బే, పిల్ల ఏడవను కూడా లేదు. కానీ తలా తలా ఒక్కసారే తగిలితే కొమ్ములొస్తాయని మన ఇళ్లలో ఎవరికి తెలియదు? అత్త నవ్వుతూ పిల్ల తల పట్టుకుని తన తలకి రెండోసారి తాకించింది. నేనూ నవ్వాను. ఆ చోట నేనున్నా అదే చేసేదాన్ని.

మర్నాడు కుక్కర్ కూసింది. బుల్లి ఆడుకుంటూనే ఉంది.

విశాఖపట్నంలో స్కాన్ తీశారు. లోపలి చెవిలో సన్నగా ఉండాల్సిన కాలువ దీనికి పుట్టుకతోనే వెడల్పుగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. అలాంటి పిల్లలకి తల మీద చిన్న దెబ్బ తగిలినా వినికిడి పడిపోవచ్చట. దెబ్బకే పోయిందా, దానంతటదే పోయిందా చెప్పలేమంది. పోయింది తిరిగి రావడం మాత్రం కష్టమంది. ఆపరేషన్ చేసి లోపల మిషన్ పెట్టొచ్చు గానీ, దానికింకా పరీక్షలున్నాయట. తర్వాత మా పెళ్లి గురించి అడిగింది. మేనరికమని మా ఆయన తిరుపతిరావు చెప్పాడు. ఈ లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ అందితేనే బయటపడుతుందట. ఒకే ఇంటి రక్తమైతే అది తేలికట.

నాకు ఏడుపు రాలేదు. రైల్లో మా ఆయన ఇడ్లీలు కొనిచ్చాడు. తిన్నాను, రుచి తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. మేం వెళ్లిన దగ్గర్నుంచీ ఆవిడ అన్నం ముట్టలేదని పక్కింటి సూర్యావతి చెప్పింది. బుల్లి ఒళ్లోకి వెళ్లబోతే అత్త చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అమ్మీ, నిజం సెప్పు. నా దెబ్బకేనా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవునేమో అంటే ఆవిడ బతకదు. కాదు, రక్తంలోనే ఉందంటే, ఆ రక్తాన్ని కలిపిందెవరు? బయటి సంబంధాలన్నీ తిప్పికొట్టి, తన తమ్ముడి కూతురే కోడలు కావాలని పట్టుబట్టింది ఆవిడే. నిజం ఎటు చెప్పినా ఆవిడ మీదికే వస్తుంది. నాకు కోపం రావాలి. వెతుక్కున్నాను, దొరకలేదు.

"కాదత్తా. మొన్న దానికి జొరమొచ్చింది కదా, దానివల్లంట."

ఒకపూట ఒళ్లు వెచ్చబడిన మాట నిజమే. మిగతాదంతా నా కల్పన.

అత్త మొహం తేటపడింది. "జొరానికైతే మళ్లీ వచ్చేత్తాదిలే," అని పిల్లని ఒళ్లోకి లాక్కుంది. అన్నం పెట్టమంది.

మర్నాడు పొద్దున్న బుల్లి వాకిట్లో కోడిపిల్లలకి నూకలు చల్లుతోంది. అత్త దాని వెనక నిలబడి పేరుపెట్టి పిలిచింది. బుల్లి తిరగలేదు. కాసేపాగి మళ్లీ పిలిచింది. ఇయ్యాల కాకపోతే రేపని నాతో చెప్పి లోపలికెళ్లింది.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పిలుస్తోంది. నేను పొయ్యి దగ్గర కూర్చుని వింటాను.